మా మామగారు చూసిన ఇండ్లు

మా మామగారు పోయిన సోమవారం మధ్యాహ్నం కన్నుమూశారు. ఆ వేళకు నేను బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా పక్కింటావిడ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. ఆమె నోరు తెరవక ముందే నాకు తెలిసిపోయింది. పిల్లలు ఎక్కం ఆపకుండా చదువుతూనే ఉన్నారు. వాళ్ళను ఆపమని చెప్పాలన్న ధ్యాస కూడా లేకుండా గదిలో నుంచి బయటికి నడిచాను.

పక్షవాతం వచ్చి ఆయన మంచం పట్టి ఏడాది దాటింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచేసేవి కావు. మాట మాత్రం పోలేదు. ఆ ఉదయం గంజి తాగారు. కిటికీ రెక్క చప్పుడు చేస్తోంది, గడియ వేయమన్నారు. వేసి బడికి వెళ్ళాను. మా ఆయనకు రైల్వేలో ఉద్యోగం, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండరు. ఆ రోజూ లేరు. ఆఖరి ఘడియలో మామగారి పక్కన ఉన్నది మా అమ్మ. ఎందుకు ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నెల్లూరులో ఇల్లు కొన్నవాళ్ళకూ, అమ్మినవాళ్ళకూ, అన్నదమ్ములతో పంచుకున్నవాళ్ళకూ ఆయన్ను గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఓవర్సీరు గారు అంటే చాలు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో సర్కారు కొలువు నుంచి రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇండ్లకు విలువ కట్టే పని పెట్టుకున్నారు. ఎవరు పిలిచినా వెళ్ళేవారు. ఆయన ఇల్లంతా చూసి ఒక మాట చెప్తే, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ గొణుక్కుంటూనే ఆ మాట మీద నిలబడేవాళ్ళు.

ఆయన ఇల్లు చూసే తీరు వేరు. గడపలో చెప్పులు విడిచి, ముందు ఒక చెంబు బావి నీళ్ళు అడిగేవారు. దాహానికి అనుకొని కొందరు మజ్జిగ తెచ్చేవాళ్ళు. "మజ్జిగ తర్వాత తాగుతానమ్మా, ముందు నీ బావి ఏమంటోందో చూడనీ" అనేవారు. సముద్రం దగ్గరున్న సీమ మాది. ఒక వీధిలో నీళ్ళు తియ్యగా ఉంటే పక్క వీధిలో ఉప్పగా ఉంటాయి. ఉప్పు నీళ్ళ ఇంటికి ఎంత మంచి గోడలున్నా పునాదిలో రోగం ఉన్నట్టే అని ఆయన లెక్క. నీళ్ళు తాగాక గోడల వైపు చూసేవారు కాదు. తల పైకెత్తి దూలాన్నీ వాసాలనూ చూసేవారు. చెయ్యి అందితే వేలి కణుపులతో దూలాన్ని తట్టి, చెవి ఒగ్గి వినేవారు. "సున్నం కొడితే గోడ వయసు దాస్తుంది. దూలానికి ఆ విద్య రాదు" అనేవారు.

వానాకాలంలో చూడని ఇంటికి ధర చెప్పడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. కార్తీక మాసపు ముసురులో గొడుగేసుకొని పెరట్లో నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడిపోయేవారు. మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొస్తే మా అత్తగారు బిందెడు నీళ్ళు వాకిట్లో పెట్టి, ఆ కాళ్ళు కడుక్కుంటే గాని లోపలికి రానిచ్చేది కాదు. ఆమె కూడా లేదిప్పుడు.

"అమ్మేవాడి కంటికి ఇల్లు నిన్న కట్టినట్టుంటుంది. కొనేవాడి కంటికి రేపు కూలేటట్టుంటుంది. ఈ రోజు ఎట్టుందో చెప్పేదానికి నేనొకణ్ణి కావాల" అని నవ్వేవారు.

ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు పంపకాలకు పిలిచారు. ఆయన ప్రతి గదీ చూశారు. నడిమింటి పక్కన ఒక చిన్న గదిలో వాళ్ళ తల్లి పడుకొని ఉంది. లేవలేని మనిషి. మామగారు గుమ్మం దగ్గరే ఆగిపోయి వెనక్కి వచ్చేశారు. తక్కిన ఇంటికంతా విలువ చెప్పారు. "ఆ గది సంగతి?" అని పెద్దవాడు అడిగితే, "దానికి నేను ధర కట్టను నాయనా. ఆ యమ్మ ఉన్నన్నాళ్ళూ అది ఆమె ఇల్లు. పంచుకునేదానికి మీది కాదు" అన్నారట. ఇంటికి వచ్చి మా అత్తగారికి చెప్తుంటే విన్నాను.

నాది చిట్టమూరు వైపు సముద్రానికి దగ్గరగా ఉండే చిన్న పాలెం. మా నాయన ఎద్దుల బండి తోలేవాడు. కౌలుకు కొంచెం నేల చేసేవాడు. మా వీధిలో అందరివీ మట్టి గోడలు, తాటాకు కప్పులు. మా ఇంటికి మాత్రం ముందు వైపు నాలుగు వరుసల పెంకు ఉండేది. దాని కోసం మా అమ్మ ఎన్ని కోళ్ళు అమ్మిందో! నేను నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకొని టీచరునయ్యాను. చర్చిలో నన్ను చూసి, ఓవర్సీరు గారి అబ్బాయికి సంబంధం అడిగారు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి.

మామగారు మా ఇంటికి పిల్లను చూడడానికి వస్తున్నారంటే మా వాళ్ళకు గుండెలు జారిపోయాయి. ఊళ్ళో వాళ్ళ ఇండ్లకు ధర కట్టే మనిషి మా మట్టి ఇంట్లో అడుగు పెడితే ఏమనుకుంటాడో అని. అమ్మ రెండు రోజులు గోడలు అలికింది. ఆయన వచ్చారు. నీళ్ళు అడిగి తాగారు. మాట్లాడుతూ మాట్లాడుతూ, అలవాటు కొద్దీ చెయ్యెత్తి మా దూలాన్ని తట్టారు. ఇల్లంతా మాట ఆగిపోయింది. ఆయన సిగ్గుపడిపోయి చెయ్యి వెనక్కు తీసుకున్నారు.

మా నాయన నవ్వాడు. "ఎంత కడతారు బావగారూ?"

"పిల్లను అడిగేదానికొచ్చినోణ్ణి, నేనేం కడతాను? మీరే ఏం అడుగుతారో చెప్పండి" అన్నారు మామగారు. ఆ మాటతో మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కట్నం ఊసు ఎవరూ ఎత్తలేదు.

పెళ్ళయి కొన్నేళ్ళయింది. ఒక తుఫానులో ఏటి పాయ పొంగి, సముద్రపు నీళ్ళు చేల మీదికి తిరిగాయి. పైరు పోయింది. నేల ఉప్పెక్కింది. మళ్ళీ అలా కాకుండా పాయ వెంట కరకట్ట పోయాలని సర్కారు నిర్ణయించింది. అందరికీ మంచి పనే. అయితే ఆ కట్ట సరిగ్గా మా వీధి మీదుగా వస్తుంది. ఇండ్లు తీసేయాలి. ఇండ్లకు విలువ కట్టి ఆ మేరకు సొమ్ము ఇస్తారు. ఆ విలువ కట్టే పనికి అనుభవం ఉన్న మనిషి కావాలని మామగారికి కబురు పంపారు.

ఆ వారంలోనే మా అమ్మ బస్సెక్కి వచ్చింది. ఒక చేతిలో ఎండు రొయ్యల మూట, ఒక చేతిలో చిక్కుడుకాయల సంచి. అత్తగారితో మంచీ చెడ్డా మాట్లాడింది. నేను వంటింట్లోకి వెళ్ళగానే వెంట వచ్చింది.

"మీ మామతో ఒక్క మాట చెప్పు తల్లీ. మన ఇంటికి ఒక్కదానికన్నా కొంచెం చూసి రాయమని. ముందున్నది పెంకు కదా."

"అందరిదీ ఒకే వీధి కదమ్మా. మనకు ఎక్కువ రాస్తే వాళ్ళేమంటారు?"

"అంటే అననీ. వాళ్ళు తిడితే తిట్లు తింటాను. ఇల్లు పోతే యాడుండేది? నువ్వు నెల్లూరులో ఉండావు. నీకు కప్పుంది." ఆమె కోపంగా అనలేదు. ఎండు రొయ్యల మూట విప్పుతూ, తల ఎత్తకుండా అంది.

ఆమెను బస్సెక్కించి వచ్చాక మామగారికి చెప్పాను. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నారు.

"అమ్మాయ్, నేను ఈ పని మానుకుంటే ఇంకొకడొస్తాడు. వాడికి మీ నాయన ఎవరో తెలియదు. గుడిసె అని రాసి పోతాడు. నేను పోతే, మీ నాయన ఎవరో తెలిసి కూడా వాడు రాసిందే రాయాల. మట్టి గోడకు ఇంత, తాటాకుకు ఇంత, వయసుకు ఇంత తరుగు అని వాళ్ళ దగ్గర కట్టడి ఉంది. ఏది మేలో నువ్వే చెప్పు."

ఆయన నిజంగానే నా జవాబు కోసం చూశారు. అంత పెద్దమనిషి నా ముఖం వైపు అలా చూడడం అదే మొదలు, అదే ఆఖరు. "మీరే వెళ్ళండి మామా" అన్నాను. ఈ రోజుకీ అంతకంటే వేరే మాట నాకు తోచలేదు.

ఆయనతో నేనూ వెళ్ళాను. మా వీధి వాళ్ళంతా ఉతికిన బట్టలు కట్టుకొని గుమ్మాల్లో నిలబడ్డారు. వాకిళ్ళు అలికి ముగ్గులు పెట్టారు. పెళ్ళికి ముస్తాబు చేసినట్టు తయారుచేశారు ఇండ్లను, కూలగొట్టడానికని తెలిసే. మామగారు ఏ ఇంటినీ తొందరగా వదల్లేదు. ప్రతి ఇంట్లో చెప్పులు విడిచారు. ప్రతి ఇంట్లో నీళ్ళు తాగారు. వంగి లోపలికి వెళ్ళి, దూలం తట్టి చూశారు. ఎవరేం చూపిస్తే అది చూశారు. వీధి చివర ఇంట్లో ఉండే పెద్దావిడ, మొగుడు సముద్రంలో పోయిన మనిషి, తన తలుపు చూపించింది. విరిగిపోయిన పడవ చెక్కలతో ఆ మొగుడే చేసిన తలుపట. మామగారు ఆ తలుపును రెండుసార్లు తెరిచి మూసి చూశారు. "కిర్రుమనడం లేదే తల్లీ, మంచి చెయ్యి" అన్నారు. ఆమె ముఖం వెలిగింది.

మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మ తలుపు చాటున నిలబడింది. మామగారు పెంకు చూశారు, గోడ కొలిచారు. ఇక అయిపోయిందనుకుంటే మా నాయన ఆయన చెయ్యి పట్టుకొని పెరటి వైపు తీసుకెళ్ళాడు.

"ఈ వాసం చూడండి బావగారూ. చెదలు తినేసింది. పైకి తెలీదు. రాసుకోండి."

లోపల అమ్మ నుదురు కొట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది. "ఈ మనిషి నోరు ఎవరన్నా కుట్టేస్తే బాగుండు ప్రభువా" అంటోంది.

మామగారు ఆ వాసాన్ని వేలితో నొక్కి చూశారు. వేలు లోపలికి దిగింది. మా నాయన వైపు చూశారు. "మీరు చెప్పకపోతే నాకు కనపడేది కాదు" అన్నారు.

"కనపడకపోతే మీ మాట తప్పు పోతుంది కదా. మా ఇంటి వల్ల మీకు మాట రాకూడదు" అన్నాడు మా నాయన.

మామగారు రాసుకున్నారు. తర్వాత ఇంటి చుట్టూ తిరిగి, అరుగు ఎత్తు కొలిచారు. తుఫాను తర్వాత ఏటి గట్టు నుంచి మట్టి తట్టలతో తెచ్చి ఇల్లంతా మెరక చేశాడు మా నాయన. వీధిలో అందరూ చేశారు. "ఇది ఎవరు మోసినారు?" అని అడిగారు. "నేనూ, మీ చెల్లెలూ" అన్నాడు నాయన, అమ్మను చూపిస్తూ. ఆ మట్టిని కూడా రాసుకున్నారు. ఇంటింటికీ రాసుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో కాలువ దగ్గర బండి ఆపమన్నారు. దిగి ముఖం కడుక్కున్నారు. కడుక్కున్నవారు ఎంతకూ లేవలేదు. బండివాడు నా వైపు చూశాడు. నేను కాలువ వైపు చూడకుండా ఎద్దుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన రాసి పంపిన దానిలో మట్టి పని అంతా కొట్టేశారు. సంగతి తెలిసి ఆయన కొట్టేసిన ఆఫీసరు దగ్గరికే వెళ్ళారు. పొద్దున పోయిన మనిషి దీపాలు పెట్టే వేళకు వచ్చారు. అన్నం ముందు కూర్చొని కూర కలుపుకోకుండానే చెప్పారు.

"మట్టి ఏటి గట్టుది, ఏరు సర్కారుది, సర్కారు మట్టికి సర్కారు డబ్బివ్వదు అన్నాడు. మోసిన తల సర్కారుది కాదు కదయ్యా అన్నాను. కుర్రవాడు, మంచివాడే. తల దించుకున్నాడు. 'నాకు తెలుసండీ, రాసేదానికి వీలు లేదు' అన్నాడు. ఇంక ఎవరిమీద అరిచేది?"

అత్తగారు ఆయన కంచంలో మజ్జిగ పోసింది. ఆయన తినలేదు.

సొమ్ము వచ్చింది. ఆలస్యంగా వచ్చింది. దాంతో ఎవరూ మళ్ళీ ఇల్లు కట్టుకోలేకపోయారు. మా వీధి చెల్లాచెదురైంది. కొందరు నెల్లూరు శివార్లకు వచ్చి కూలికి పోయారు. మా అమ్మానాయన మనుబోలులో రోడ్డు పక్కన ఒక అద్దె గదిలో చేరారు. ఎద్దులను అమ్మేశాడు నాయన. కట్టివేసేదానికి చోటు లేదు. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా బయట గట్టు మీద కూర్చొని, పోయే లారీలను చూస్తూ ఉండేవాడు. "ఈ బండ్లు ఒక్కటీ ఆగవు చూడు" అనేవాడు.

అమ్మ మా ఇంటికి రావడం మానేసింది. నేను వెళ్తే అన్నం పెట్టేది, జడ వేసేది, మామగారి పేరు మాత్రం ఎత్తేది కాదు. ఒక్కసారే అంది. "మీ మామ మంచోడు కాదని నేననను. మంచోడై కూడా మాకేం చేసినాడు? చెప్పు." ఇంటికి వస్తే మామగారు అడిగేవారు, "మీ అమ్మ ఎట్టుంది?" అని. బాగుందని చెప్పేదాన్ని. ఆయన ఇంకేమన్నా ఉందేమో అన్నట్టు కాసేపు ఆగి, పేపరు తీసుకునేవారు. ఇద్దరూ నావాళ్ళే. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయలేక మధ్యలో నేను ఎండిపోయాను.

కట్ట పోశారు. తర్వాత వచ్చిన తుఫానులో అది నిలిచింది. చుట్టుపక్కల చేలన్నీ బతికాయి. ఆ వార్త తెలిసిన రోజు మామగారు బస్సెక్కి మనుబోలు వెళ్ళారు, మా నాయనకు తానే చెప్పాలని. నేను వెంట ఉన్నాను. గట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"కట్ట నిలిచింది బావగారూ."

"విన్నాను. మంచిదే కదా" అన్నాడు నాయన. కొంచెం ఆగి, "మంచిదే" అని మళ్ళీ అన్నాడు.

అంతకు మించి వాళ్ళకు మాట్లాడుకోవడానికేమీ లేకపోయింది. కట్ట కూలిపోయి ఉంటే కనీసం తిట్టుకోవడానికి ఒక దారి ఉండేదేమో. మరుసటి ఎండాకాలం మా నాయన ఆ గదిలోనే పోయాడు.

మామగారు ఆ తర్వాత కూడా ఇండ్లు చూశారు. పని మానేశారని రాస్తే మీకు బాగుంటుందేమో గాని, మానలేదు. పిలిస్తే వెళ్ళేవారు. అయితే ధర చెప్పే ముందు, "అమ్మకుండా గడిచేదానికి దారుందేమో ఇంకొకసారి చూసుకోండి" అనడం మొదలుపెట్టారు. కొనేవాళ్ళకు ఆ మాట నచ్చేది కాదు. పిలిచేవాళ్ళు తగ్గారు. అంతలో అత్తగారు పోయింది. తర్వాత ఆయనకు జబ్బు చేసింది.

పక్షవాతం వచ్చిందని తెలిసిన మూడో రోజు మా అమ్మ ట్రంకుపెట్టెతో దిగింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే, "నువ్వు బడికి పోతే ఆయన్ను ఎవరు చూస్తారు? పక్కకు జరుగు" అని లోపలికి నడిచింది. ఆ రోజు నుంచి ఆయనకు గంజి పట్టింది, పక్క మార్చింది, వీపు తుడిచింది. ఇద్దరూ ఆ వీధి మాట ఎప్పుడన్నా మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. ఒక సాయంత్రం మాత్రం నేను వచ్చేసరికి ఆయన ఏడుస్తున్నారు. అమ్మ కొంగుతో ఆయన కళ్ళు తుడుస్తోంది. "ఊరుకోండి అన్నా. మీ చేతిలో ఏముంది" అంటోంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను.

మంగళవారం సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే వెనక్కి తిరిగి చూశాను. మా పాలెం వీధి వాళ్ళు వచ్చి ఉన్నారు. మనుబోలు నుంచి, శివార్ల నుంచి, ఎక్కడెక్కడి నుంచో. ఎవరు కబురు చెప్పారో తెలియదు. ఆయన కట్టిన విలువ మీద ఇండ్లు పోగొట్టుకున్న మనుషులు తలగుడ్డలు తీసి చేతుల్లో పట్టుకొని నిలబడ్డారు.

అందరూ వెళ్ళాక, వీధి చివర ఇంటి పెద్దావిడ మా ఇంటి దాకా వచ్చింది. బాగా వంగిపోయింది. "ఎందుకు వచ్చినావవ్వా ఇంత దూరం?" అన్నాను.

"మా ఇంటిని అట్ట చూసినోళ్ళు ఇంకెవరున్నారు తల్లీ?" అంది. "కట్టినోడు పాయె. నేను చూసినాను, ఆయన చూసినాడు."

పోయేటప్పుడు మా గోడ పక్కన పూసిన నందివర్ధనం చెట్టు దగ్గర ఆగి, ఒక కొమ్మ అడిగింది. విరిచి ఇచ్చాను. "అద్దింట్లో యాడ నాటుకుంటావు?" అని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె కొంగు చివర తడిపి కొమ్మ మొదలుకు చుట్టుకుంది.

బస్సు దాకా నేనూ అమ్మా వెళ్ళాము. పెద్దావిడకు కిటికీ పక్కన చోటు దొరికింది. లోపల జనం ఒత్తిడికి నలిగిపోతుందని కొమ్మను కిటికీలో నుంచి బయటికి పెట్టి పట్టుకుంది. బస్సు కదిలింది. దుమ్ములో పెద్దావిడ ముఖం కనపడడం మానేశాక కూడా, గాలికి వెనక్కి వాలి కొట్టుకుంటున్న ఆ నాలుగు ఆకులూ, రెండు తెల్లపూలూ మలుపు దాకా కనపడుతూనే ఉన్నాయి.